కాలవ కట్టేసిన వారం

చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ళకి ఆ మధ్య విజయవాడలో శిక్షణ పెట్టారు. చివరి రోజు మాట్లాడిన మేడమ్ గారు "ప్రకృతిని చూసి వ్యాపారం నేర్చుకోండి. చెట్టును చూడండి, నదిని చూడండి" అన్నారు. అందరం బుద్ధిగా రాసుకున్నాం. నా పక్కన కూర్చున్న ఎస్తేరక్క మాత్రం రాసుకోలేదు. "చెట్టుకి కరెంటు బిల్లు రాదుగా" అంది నా చెవిలో.

ఆ తర్వాత రెండు నెలలకి నేనూ ఎస్తేరక్కా బందరు మీదుగా హంసలదీవి దాకా వెళ్ళొచ్చాం. నదిని చూశాం. సరిగ్గా చెప్పాలంటే, నదే మమ్మల్ని చూసింది. ఆ రోజు శిక్షణలో కూర్చున్నవాళ్ళలో దివిసీమ చూడనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకోసం రాస్తున్నాను. పాప నిద్రపోయాక రాయాలి కాబట్టి ఎక్కడైనా మాట మధ్యలో తెగినట్టుంటే పాప లేచిందనుకోండి.

గుడివాడ

మేమిద్దరం కలిసి గుడివాడలో చంటిపిల్లల బట్టలు కుట్టిస్తాం. కటింగు ఎస్తేరక్కది. ఆమె చర్చి వీధిలో పదేళ్ళ పాటు జాకెట్లు కుట్టిన మనిషి. గుడ్డ కొనడం, కొట్లతో మాట్లాడటం, లెక్కలు నావి. బీకాం చదివాను కదా అని. మా దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు మిషన్ల మీద కుడతారు. వాళ్ళందర్నీ పిలిచి తెచ్చింది కూడా ఎస్తేరక్కే.

మాకున్న పేరంతా ఒక చిన్న చీటీలో ఉంది. ప్రతి జుబ్బాకీ దారంతో కట్టే అట్టముక్క అది. "చెట్ల రంగులు. పాప నోట్లో పెట్టుకున్నా భయం లేదు" అని ఉంటుంది దానిమీద. ఆ మాట నేనే రాశాను. మా పాపకి అప్పుడే పళ్ళ దురద మొదలై, ఒంటిమీదున్న బట్టని అంచుల దగ్గర్నుంచి నములుతుండేది. రోజూ నాకు ఆ భయమే కాబట్టి మాట కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది.

ఈ వేసవికి హైదరాబాదులో ఒక పెద్ద కొట్టు నుంచి ఆర్డరు వచ్చింది. అంత ఆర్డరు మేం ఎప్పుడూ చూడలేదు. గుడ్డ మీద అద్దకం కోసం బందరులో మల్లేశ్వరి గారికి ఇచ్చాం. ఎన్నిసార్లు ఫోన్ చేసినా "అయిపోతుందమ్మా" అనేవారు. శనివారం లోపు సరుకు ఖాయమో కాదో చెప్పాలని హైదరాబాదు నుంచి కబురు రాగానే, ఇక ఫోన్లతో కాదని గురువారం పొద్దున్నే బస్సెక్కాం. పాలు తాగే పిల్లని ఎవరికి అప్పగించను? చంకనేసుకుని బయల్దేరాను.

మాఘంలో శిక్షణప్పుడు నిండా పారిన కాలవ, ఇప్పుడు బస్సు కిటికీలోంచి చూస్తే అడుక్కి దిగిపోయి కనిపించింది. కాలవలు కట్టేసే రోజులొచ్చాయని గుడివాడలో తెలియనివాళ్ళుండరు. చెరువులు నింపుకుంటారు, ఊడ్పుల మాట ఇక ఆరుద్ర కార్తె దాకా ఎత్తరు. కాలవకీ నా జుబ్బాలకీ సంబంధం ఉంటుందని మాత్రం నాకు తట్టలేదు. పోయినేడు కొన్న గుడ్డ మల్లేశ్వరి గారు చలికాలంలో తయారుచేసి పెట్టుకున్నది. చేతికొచ్చింది కాబట్టి అది ఏ కాలంలో తయారైందని నేను అడగలేదు.

బందరు

మచిలీపట్నం అని బోర్డుల మీద ఉంటుంది గానీ కండక్టరు దగ్గర్నుంచి కలెక్టరాఫీసు గుమాస్తా దాకా అందరికీ అది బందరే. లడ్డూ కొట్లు గుడివాడలో మందుల షాపులున్నంత దగ్గర దగ్గరగా ఉన్నాయి. కిలో ఎనభై. కొసరు ముక్క కొనకముందే చేతిలో పెడతారు. మా ఊళ్ళో కొన్నాక అడిగినా పెట్టరు.

మల్లేశ్వరి గారి షెడ్డు కాలవ గట్టు మీదే ఉంది. భర్త పోయాక ఆమే నడుపుతున్నారు. యాభై ఏళ్ళుంటాయి. నోట్లో వక్కపొడి, నడుముకి తాళాలగుత్తి. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డ పసుపుపచ్చగా ఉంటుంది. దానిమీద చెక్క అచ్చులతో ఎరుపుకి పటికనీళ్ళూ, నలుపుకి బెల్లంలో ఊరిన ఇనప తుప్పునీళ్ళూ అద్దుతారు. తర్వాత పారే నీళ్ళలో జాడించి, ఎక్కువైనదంతా పోయాక చెట్ల వేళ్ళతో, పూలతో ఉడకబెడితే రంగు తేలుతుంది. మా గుడ్డ షెడ్డులో ఒక మూల పేర్చి ఉంది. అచ్చు పడింది. అక్కడితో ఆగింది.

"ఉతుకు ఎప్పుడండీ?" అన్నాను.

"నన్నడుగుతావేంటమ్మా, కాలవనడుగు" అన్నారావిడ.

గట్టు మీదకెళ్ళి చూస్తే నీళ్ళు మడుగులు మడుగులుగా ఆగిపోయి ఉన్నాయి. జనం బురదలో దిగి చేతుల్తో చేపలు పట్టుకుంటున్నారు.

"నాలుగు రోజులు ముందే కట్టేశారు. ఆగిన నీళ్ళలో జాడిస్తే గుడ్డ వదిలిన మురికిని గుడ్డే తాగుద్ది."

"బోరు నీళ్ళున్నాయిగా?" అంది ఎస్తేరక్క.

మల్లేశ్వరి గారు ఒక పీలిక తెచ్చి చూపించారు. అచ్చుల మధ్య తెల్లగా ఉండాల్సిన నేల టీ ఒలికినట్టుంది. "మా బోరు ఉప్పన. దానికీ పటికకీ అత్తాకోడళ్ళ వరస. పడదు." తర్వాత తాళాలు తీసి ఇంకో గది చూపించారు. అవే అచ్చులు, అవే మామిడి పిందెలు, అవే తీగలు. తయారైన గుడ్డ. "ఇది కెమికలు. కావాలంటే ఇవాళే ఎత్తుకెళ్ళండి. పక్కపక్కన పెడితే మీ ఆయన కూడా కనిపెట్టలేడు."

"వాళ్ళాయన పాపకి జుబ్బా తిరగేసి తొడుగుతాడు. ఆయన లెక్కలోకి రాడు" అంది ఎస్తేరక్క. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వబోయేసరికి పాప చెయ్యి చాచి ఆ తాను కొస అందుకుని నోట్లో పెట్టుకుంది.

ఎంత గట్టిగా లాగానో నాకు తెలియదు. పాప గుక్కపట్టి ఏడ్చింది. నేను దాని నాలుక చూశాను, చిగుళ్ళు చూశాను. ఎక్కడా రంగు లేదు.

"ఏం కాదమ్మా, దిగే రంగు కాదది" అన్నారు మల్లేశ్వరి గారు, కొంచెం నొచ్చుకుని.

కాదేమో. అయిద్దని నేను రుజువు చెయ్యలేను. కాని ఆ చీటీ మీద రాసింది చెట్ల రంగులని. కుట్టేవాళ్ళకి తెలియదు, కొట్టువాళ్ళకి తెలియదు, కొనే తల్లికి అసలే తెలియదు. తెలిసేది మా ముగ్గురికే.

సారమ్మ పిన్ని ఇంట్లో

ఆ రాత్రి ఎస్తేరక్క పిన్నిగారింట్లో దిగాం. మా ఇంట్లో అన్నం తినేముందు దేవుడి దగ్గర చిన్న గిన్నె పెట్టి గంట కొట్టేస్తాం, అయిపోతుంది. ఇక్కడ అందరం కళ్ళు మూసుకున్నాం. సారమ్మ పిన్ని ప్రార్థనలో లోకంలోని రోగులందరూ వచ్చారు, ప్రభుత్వం వచ్చింది, ఊళ్ళో లేని మరిది వచ్చాడు, పాప పళ్ళు వచ్చాయి. చివర్న "ప్రభువా, వీళ్ళ గుడ్డలు ఉతకడానికి కాలవకి నీళ్ళు దయచెయ్యి" అంది. "పిన్నీ, నీటిపారుదల వాళ్ళనడిగితే దగ్గర" అంది ఎస్తేరక్క కళ్ళు మూసుకునే. చేపల పులుసు చల్లారిపోయింది గానీ, చల్లారినందుకే రుచిగా ఉంది.

పిన్ని పడుకున్నాక మాకు గొడవ వచ్చింది.

"తీసేసుకుందాం వాణీ, కెమికలు గుడ్డ" అంది ఎస్తేరక్క.

"చీటీ?"

"చీటీ కట్టొద్దు."

"చీటీ లేకపోతే ఆమె మనదే ఎందుకు కొంటుంది? హైదరాబాదులో జుబ్బాలు దొరకవా?"

"సరే, నీ పాప నోట్లో పెట్టుకునేది మన జుబ్బా ఒక్కటేనా? ఆ ప్లాస్టిక్ చిలక ఎక్కడ తయారైందో నీకు తెలుసా? దాన్ని రోజంతా నాకుతుంది."

నేను చిలకని తీసి సంచిలో పడేశాను. అయినా ఎస్తేరక్క ఆపలేదు.

"ఆ ఆరుగురూ నన్ను చూసి వచ్చారు, నీ చీటీ చూసి కాదు. సోమవారం పొద్దున వాళ్ళకి గుడ్డ చూపించాలి నేను."

"పారే నీళ్ళు కావాలి, అంతేగా? కాలవ ఆగితే ఏం, కృష్ణ ఆగదుగా. హంసలదీవి దగ్గర నది సముద్రంలో కలుస్తుంది. అంత పారే నీళ్ళు ఇంకెక్కడుంటాయి? ఒక తాను తీసుకెళ్ళి జాడించి చూద్దాం. బాగుంటే మిగతాదంతా వ్యానులో తోలుకెళ్దాం."

ఎస్తేరక్క దుప్పటి దులిపింది. "బాగుండకపోతే?"

"బాగుండకపోతే నువ్వు చెప్పినట్టే." ఆ మాట ఎందుకన్నానో నాకు తెలియదు. అనేశాక నిద్ర పట్టలేదు.

పొద్దున ఒక తాను గుడ్డ అడగడానికి వెళ్తే మల్లేశ్వరి గారు కూడా తేల్చి చెప్పలేదు. "నేనెప్పుడూ అక్కడ ఉతకలేదమ్మా. మా మావగారి రోజుల్లో ఎవరైనా ఉతికారేమో. మీ గుడ్డ, మీ ఇష్టం. పాడైతే నా అచ్చుల పేరు చెప్పకండి."

మంగినపూడి దారిలో

బందరొచ్చి సముద్రం చూడకుండా వెళ్తే అరిష్టమని సారమ్మ పిన్ని పట్టుబట్టింది. నిజానికి ఆమెకే చూడాలని ఉంది. ఆటోలో ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుని, పట్టపగలే ఆయనకి ప్రభువు గురించి సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టింది.

దారికి రెండు పక్కలా రొయ్యల చెరువులు. కొన్నిట్లో నీళ్ళకి గాలి కొట్టే చక్రాలు తిరుగుతున్నాయి. చాలావాటిలో నీళ్ళు లేవు, అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంది. "అదిగో, అది నాదేనండి" అన్నాడు డ్రైవరు, గట్టు తెగిన ఒక చెరువు చూపించి. "మొదటేడు మా ఇంటికి కలర్ టీవీ వచ్చిందండి. రెండో ఏడు మోటారుసైకిలు. మూడో ఏడు ఆటో."

"ఆటో కూడా కొన్నారా!" అన్నాను.

"లేదండి. నడుపుతున్నా."

పంటకీ పంటకీ మధ్య చెరువు ఎండబెట్టాలట. అడుగు నెర్రెలు తీసేదాకా ఆగాలట. ఆ ఎండకి కిందున్న చెడంతా పోతుంది. "మేం ఆగలేదండి. నీళ్ళు తోడటం, మళ్ళీ రొయ్యపిల్ల వెయ్యటం. జబ్బొచ్చి ఒక్క వారంలో తెల్లమచ్చలేసుకుని తేలిపోయినై."

"మరి ఆగుండాల్సింది" అన్నాను, శిక్షణ మేడమ్ లాగా.

"ఆగితే వడ్డీ ఆగుద్దా?" అంది ఎస్తేరక్క వెనక నుంచి.

"అక్క కరెక్టుగా చెప్పింది. చెరువుకి మనం సెలవిస్తాం. మనకి బ్యాంకోడు ఇవ్వడుగా" అన్నాడాయన.

ఇద్దరి మాటా నిజమే కావడం నాకేమీ నచ్చలేదు. మంగినపూడిలో అలల కంటే నాకు ఎండుచేపల చాపలే ఎక్కువ గుర్తున్నాయి. సముద్రంలో వేట నిషేధించి పడవలు ఆపే రోజులొస్తున్నాయని, అక్కడి ఆడవాళ్ళు పడిన చేపంతా ఎండబెట్టి దాచుకుంటున్నారు. ఒకామె పాప బుగ్గ గిల్లి, ఎండు సావిడాయ చేపల దండ యాభై అంది. సారమ్మ పిన్ని ఇరవై అయిదుకి బేరం తెచ్చి, దేవుడికి స్తోత్రం చెప్పింది. ఆ దండ వాసన మాతో పాటు చల్లపల్లి దాకా వచ్చింది, ఎందుకంటే అందులో సగం మాకే కట్టిచ్చింది.

చల్లపల్లి

పిన్నిని బందరులో దించి, గుడ్డ తాను, పాప, సంచులతో చల్లపల్లిలో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. తాటి ముంజలు డజను పది రూపాయలు. అమ్మే ఆమె లేత ముంజ వేలితో చిదిపి, నన్ను అడక్కుండానే పాప నోట్లో నీళ్ళు పోసింది. ఆమె చేతులకేసి చూశాను. పాప మాత్రం ఆమెకేసి చూసి నోరు మళ్ళీ తెరిచింది. మెస్సులో భోజనానికి మామిడికాయ పప్పు వేశారు. గుడివాడ పప్పులో కంటే ఇక్కడ కారం ఒక పాలు ఎక్కువ.

అప్పుడు పాప ఒళ్ళు వెచ్చగా అనిపించింది. నా చేతికే ఎండ వేడి ఉందో, పాపకే జ్వరమో తెలియలేదు. ఎస్తేరక్క నుదురు పట్టుకుని "ఎండ దెబ్బలే, తడిగుడ్డ వెయ్యి" అంది. వేశాను. నిమిషానికోసారి ముట్టుకున్నాను. నేనలా ముట్టుకోవడం వల్లే అది నిద్రపోలేదు.

ఎస్టీడీ బూత్ నుంచి హైదరాబాదుకి ఫోన్ చేశాను. కాలవ కట్టేసి ఉతుకు ఆగిన సంగతి చెప్తే, కొట్టు ఆవిడ మంచిగానే మాట్లాడారు.

"ఎందుకంత టెన్షన్ పడతారు వాణి గారూ? అందరూ ఏం చేస్తున్నారో తెలుసుగా. డిజైన్ కలంకారీ ఉంటే చాలు. ట్యాగ్ మాత్రం ఉండాలి. మా కస్టమర్లకి ఆ ట్యాగే ఇష్టం. లోపలేముందో నేను అడగను."

"రేపు సాయంత్రం చెప్తానండీ."

"రేపు చెప్పకపోతే వేరేవాళ్ళకిచ్చేస్తాను, ఏమనుకోవద్దు."

బయటికొచ్చేసరికి ఎస్తేరక్క బూత్ దగ్గర లేదు. ఎదురుగా ఒక బట్టల కొట్లో ఖాకీ, నీలం తాన్లు మెట్లలా పేర్చి ఉంటే అక్కడ నిలబడి కొట్టాయనతో ఏదో మాట్లాడుతోంది. నన్ను చూసి వచ్చేసింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నా మనసంతా ఫోన్లో విన్న మాట మీదే ఉంది. తప్పు చెయ్యమని ఎవరూ నన్ను బలవంతపెట్టడం లేదు. మేం అడగం అని మాత్రమే అంటున్నారు. అదే భయంగా ఉంది.

పులిగడ్డ దగ్గర కాలవని నది మీదుగా వంతెన కట్టి దాటించారు. పైన కాలవలో నీళ్ళు లేవు. కింద నదిలో ఎండకి తళతళలాడుతూ ఉన్నాయి. "చూశావా!" అన్నాను ఎస్తేరక్కతో. ఆ రాత్రి అవనిగడ్డలో పాప ఒళ్ళు చల్లబడింది.

హంసలదీవి

శనివారం పొద్దున్నే ఆటోలో హంసలదీవి చేరాం. ఊరు దాటాక మడ చెట్లు. బురదలోంచి మేకుల్లాగా పైకి పొడుచుకొచ్చినవి వాటి వేళ్ళేనని, గాలి కోసం అలా వస్తాయని ఆటో ఆయన చెప్పాడు. వాటిని దాటితే ఇసుక. ఒక పక్క నది, ఎదురుగా సముద్రం. రెండు నీళ్ళూ కలిసే చోట సన్నటి గీతలా నురగ. ఎంత విశాలంగా ఉందంటే పాప కూడా కాసేపు ఏడవడం మర్చిపోయింది.

ఒడ్డున నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒంగి ఇసుకలోంచి వండుకునే గవ్వలు తవ్వి బుట్టల్లో వేసుకుంటున్నారు. పీతలు కూడా పడుతున్నారు. వాళ్ళలో తిరపతమ్మ అనే ఆమె తన పని అయిపోయిందని బుట్ట పక్కన కూర్చుంది. పాపని కాసేపు చూస్తారా అని అడిగితే "ఇయ్యమ్మా. పీతకియ్యనులే" అంది. తన భుజం మీది పాత చీరముక్కలో చుట్టి ఒళ్ళో వేసుకుంది. నేను చూస్తూ ఉండిపోయాను. ఎస్తేరక్క చెయ్యి పట్టి లాగింది.

చీలమండల లోతు నీళ్ళు దాటితే ఒక ఇసుక మేట. దాని అవతల నది బాగా పారుతోంది. సముద్రం వైపు, నేను అనుకున్నట్టే. తాను విప్పి చెరో కొసా పట్టుకుని నీళ్ళలో పరిచాం. గుడ్డలోంచి గోధుమరంగు మడ్డి మేఘంలా లేచి సముద్రం వైపు కొట్టుకుపోయింది. తెల్ల నేల తేలింది. తీగలు విడివిడిగా కనిపించాయి. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది.

"నోట్లో పోసుకుని చూడు" అంది ఎస్తేరక్క. పోసుకున్నాను. ఉప్పన. అయినా "పారుతోందిగా" అన్నాను.

ఎంతసేపు జాడించామో గుర్తులేదు. ఎప్పుడో గుడ్డ చేతుల్లో బరువు తగ్గినట్టయింది. లాగే నీరు లాగడం మానేసింది. నది నిలబడింది. నేను నడుం నిఠారుగా చేసి చూస్తుండగానే, సముద్రం వైపు వెళ్ళిపోయిన గోధుమరంగు మేఘం మెల్లగా వెనక్కి రావడం మొదలైంది. మావైపే వచ్చింది. గుడ్డ మీదకొచ్చింది. కడిగిన తెలుపులోకి ఇంకింది.

"వాణీ, పాప ఏడుస్తోంది" అంది ఎస్తేరక్క.

వెనక్కి తిరిగితే చీలమండల లోతున్న నీళ్ళు తొడల దాకా వచ్చేశాయి. ఇంకా వస్తున్నాయి. ఒడ్డున తిరపతమ్మ లేచి నిలబడి ఒక చేత్తో పాపని పట్టుకుని, ఇంకో చెయ్యి ఊపుతూ అరుస్తోంది. గాలికి మాట వినపడలేదు. పాప ఏడుపు మాత్రం వినపడింది. లేక వినపడినట్టు అనిపించిందో. తాను పట్టుకునే నీళ్ళలోకి దిగాం. తడిసిన తాను మనిషంత బరువు. అది నీళ్ళలో అడ్డంగా తిరిగి మా ఇద్దర్నీ పక్కకి లాగుతోంది. నాకు ఈత రాదు. ఎస్తేరక్కకీ రాదు. మా అమ్మమ్మ ఉప్పెన సంగతులు చెప్పేటప్పుడు "నీరు పరుగెత్తుకు రాదు, లేచి నిలబడుద్ది" అనేది.

"వదిలెయ్!" అని అరిచాను.

"గుడ్డ!"

"వదిలెయ్ అక్కా!"

ఆమె వదల్లేదు. నేను ఆమె వేళ్ళు విప్పాను. ఒక్కొక్కటే విప్పాను. తాను విడిపోయి, పాములా మెలిక తిరిగి, నది పైకి, మేం వచ్చిన దిక్కుకే కొట్టుకుపోయింది. మేం ఒకర్నొకరం పట్టుకుని ఎలాగో ఒడ్డెక్కాం.

"పోటు తిరిగిందని కేకలేస్తుంటే పాట పాడుతున్నాననుకున్నారా?" అని తిరపతమ్మ కోప్పడింది. పాపని ఇస్తూ "ఇదీ నాతో సమానంగా అరిచింది పాపం, బంగారు తల్లి" అంది. ఆ చీరముక్కతోనే పాపని తీసుకుని ఇసుకలో కూలబడ్డాను.

"రోజూ ఇంతేనా?" అంది ఎస్తేరక్క చీర పిండుకుంటూ.

"రెండు పూటలా. ఎండాకాలం కృష్ణలో పైనుంచి నీళ్ళేవీ? సముద్రం ఎటు తోస్తే అటే." ఆమె బుట్ట సర్దుకుంటూ అంది, "మా పనంతా ఆటులోనే. ఇక మళ్ళీ ఆటొచ్చేదాకా ఇంటికే."

బీకాంలో ఎన్నిసార్లు రాశానో, 'వ్యాపారంలో ఆటుపోట్లు సహజం' అని. రెండూ కష్టాలే అన్నట్టు కలిపి రాసేవాళ్ళం. ఆటు అంటే నీరు వెనక్కి తీసే వేళ అనీ, ఆ వేళకి వేరే పని ఉంటుందనీ, ఆ పనితో ఇల్లు గడుస్తుందనీ ఏ పరీక్షలోనూ రాయలేదు. ఆ ఆడవాళ్ళు పోటులో గవ్వలు తవ్వుతామని ఎవరికీ మాటివ్వరు. నేను ఇచ్చాను. చంటిపిల్లల నూలు బట్టలు అమ్ముడయ్యేది ఎండాకాలం. వాటిని ఉతికే నీళ్ళు లేనిదీ ఎండాకాలమే. ఆ బట్టకి చలికాలంలోనే కాలవలో జాడించే పని అయిపోవాలి.

"గుడ్డ దొరికితే ఎక్కడికి పంపాలి?" అంది తిరపతమ్మ.

"మీరే ఉంచుకోండి."

"అయితే మా పిల్లకి లంగాలు కుట్టిస్తా. రంగు దిగుద్దా?"

"దిగదు" అంది ఎస్తేరక్క. "దిగితే మాకు చెప్పు."

అవనిగడ్డ

బూత్ బయట ఎస్తేరక్క పాపనెత్తుకుని నిలబడింది. లోపలికి వెళ్ళేముందు ఆమె నా దారికి అడ్డొచ్చింది.

"బాగుండకపోతే నేను చెప్పినట్టేనన్నావు."

"అన్నాను."

"మరి?"

నేను పక్కనుంచి లోపలికెళ్ళాను. అది న్యాయం కాదని నాకు తెలుసు. నంబరు తిప్పుతుంటే అద్దంలోంచి ఆమె నన్నే చూస్తోంది. పాప ఆమె గొలుసు నోట్లో పెట్టుకుంది.

"ఈ వేసవికి ఇవ్వలేమండీ" అన్నాను హైదరాబాదు ఆవిడతో. "వచ్చే వేసవి సరుకు మాఘానికల్లా తయారుచేసి ఉంచుతాం. అప్పుడు అడగండి."

"వచ్చే వేసవి సంగతి ఇప్పుడెవరికి తెలుసు వాణి గారూ" అన్నారావిడ. విసుగ్గా కాదు, జాలిగా. ఫోన్ పెట్టేశారు.

గుడివాడ దాకా ఎస్తేరక్క నాతో మాట్లాడలేదు. పాపని మాత్రం ఒళ్ళోంచి దించలేదు.

మళ్ళీ గుడివాడ

సోమవారం పొద్దున ఆరుగురూ వచ్చారు. నేను ఆదివారమంతా కూర్చుని వాళ్ళకి ఏం చెప్పాలో తయారుచేసుకున్నాను. కాలవ గురించి, ఆటు గురించి, ఎండబెట్టని చెరువు గురించి. నా నోరు తెరుచుకునేలోపే ఎస్తేరక్క మొదలుపెట్టింది.

"హైదరాబాదు ఆర్డరు పోయింది. కెమికలు వేస్తే ఉండేది. వెయ్యలేదు. వెయ్యొద్దన్నది వాణి. వెయ్యమన్నది నేను. ఇప్పుడిద్దరిదీ ఒకటే మాట. కాలవ కట్టేసినన్నాళ్ళూ అద్దకం గుడ్డ లేదు."

కుమారి అని ఒకామె ఉంది, కాజాలు ఆమెలా ఇంకెవరూ కుట్టలేరు. "కాలవతో పాటు మా పొయ్యి కూడా కట్టెయ్యమంటారా?" అంది.

నేను ప్రసంగం రాసుకున్న కాగితం మడిచి పెట్టేశాను.

"చల్లపల్లి కొట్టాయన స్కూలు యూనిఫాంలు ఇస్తానన్నాడు" అంది ఎస్తేరక్క. నాకు ఆ మాట అప్పుడే తెలిసింది. "ఖాకీ, నీలం. మొదటి తాన్లు నిన్న బస్సులో పంపాడు. బడులు తెరిచేదాకా పని. కూలి తక్కువ."

"ఎంత తక్కువ?"

చెప్పింది. ఇద్దరు మొహమొహాలు చూసుకున్నారు. వాళ్ళలో ఒకామె ఆ మధ్యాహ్నమే జాకెట్ల కొట్టుకి వెళ్ళిపోయింది. ఆమెని తప్పుపట్టలేను.

కుమారి మాత్రం నావైపు తిరిగింది. "కాలవొచ్చాక మళ్ళీ పాత రేటేనా అమ్మా?"

"పాత రేటే. కాలవొచ్చిన రోజు నుంచీ చలికాలానికీ, ఆ తర్వాత వేసవికీ కుడదాం. కాలవున్నన్నాళ్ళూ ఆపకుండా."

"పైన వానల్లేక, ఈ ఏడు కాలవ రాకపోతే?"

ఇది రాస్తున్న ఈ రాత్రి కూడా నేను ఆ లెక్కే వేస్తున్నాను. కుమారి జవాబు కోసం ఆగలేదు. నీలం గుడ్డ మడత విప్పి, తన మిషను ముందు కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించుకుంది.